బిడ్డ బెంగకు రామకోటి

విజయవాడ నుంచి గన్నవరం దాకా హైవేకి అటూ ఇటూ ఇంటర్ రెసిడెన్షియల్ కాలేజీలు, హాస్టళ్ళు కనిపిస్తూనే ఉంటాయి. గన్నవరం చేరితే విమానాశ్రయం. ఒకచోట పదహారేళ్ళ పిల్లల్ని దింపి వచ్చే తల్లిదండ్రులు, ఇంకోచోట ఉద్యోగానికో పైచదువుకో దేశం దాటే పిల్లల్ని సాగనంపే తల్లిదండ్రులు. ఆదివారం క్యారియర్ కట్టుకుని హాస్టల్‌కి వెళ్ళి, చిక్కిపోయిన మొహం చూసి, "బాగానే ఉన్నానమ్మా" అన్న ఒక్క ముక్క విని తిరిగొచ్చిన తల్లికి ఆ వారమంతా కాలూ చేయీ ఆడదు. కొడుకు ఇంట్లోనే ఉండి తలుపేసుకుని ఫోనులో మునిగిపోతే ఆ దిగులు ఇంకో రకం. మాటలు ఆలస్యమైన పసిబిడ్డను థెరపీకి తిప్పే తల్లిది మరో రకం. చేయగలిగిందంతా చేశాక మిగిలే ఎదురుచూపే పెంపకంలో అన్నిటికన్నా బరువైనది.

ఆ బరువు మోయడానికి కృష్ణా డెల్టా ఇళ్ళలో ఒక పాత సాధనం ఉంది. దేవుడి గూట్లోనో బీరువా మీదనో గళ్ళ పుస్తకం రూపంలో ఉంటుంది. దాని పేరు రామకోటి, అంటే శ్రీరామ నామాన్ని కోటిసార్లు రాయడం. పెద్దవాళ్ళు పొద్దుపోక రాసుకునేదిగా చాలామంది దాన్ని చూస్తారు. నా దృష్టిలో అది పిల్లల్ని పెంచే వయసులో ఉన్నవాళ్ళకే ఎక్కువ అవసరమైన అభ్యాసం.

పుస్తకం, పద్ధతి

పూజాసామగ్రి అమ్మే కొట్లలో రామకోటి పుస్తకాలు దొరుకుతాయి. అట్ట మీద సీతారాముల బొమ్మ, లోపల వరసలుగా గళ్ళు. గడికొక శ్రీరామ. పుస్తకం దొరకకపోతే మామూలు నోటుబుక్కులో స్కేలు పెట్టి గీతలు గీసుకునేవాళ్ళూ ఉన్నారు. శ్రీరామనవమి, ఉగాది, ఏకాదశి వంటి మంచిరోజు చూసి మొదలుపెడతారు. మొదటి పేజీకి పసుపు కుంకుమ పెట్టి, వినాయకుణ్ణి తలుచుకుని, దీపం ముందు కూర్చుని తొలి గడి నింపుతారు. కొందరు ఎర్ర సిరాతోనే రాస్తారు, కొందరు ఆకుపచ్చ వాడతారు. మైల రోజుల్లో ఆపాలా వద్దా అన్నది ఇంటింటికీ మారుతుంది.

రాసే తీరులో మాత్రం అందరి నియమాలూ దాదాపు ఒక్కటే. పుస్తకం నేల మీద పెట్టరు, పీట మీదనో బల్ల మీదనో పెడతారు. రాస్తున్నంతసేపూ మాట్లాడరు. చేయి రాస్తున్న పేరునే మనసు పలకాలి. ముందు శ్రీలన్నీ నిలువుగా రాసుకుపోయి, తర్వాత రామలు చేర్చడం పనికిరాదు. ఒక్కో గడీ పూర్తిచేశాకే తర్వాతి గడికి వెళ్ళాలి. కుక్కర్ కూత పెట్టినా, కాలింగ్ బెల్ మోగినా, ఆ వరస ముగించి లేవాలి. తప్పుపోతే దిద్దుతూ కూర్చోక ముందుకు సాగాలి.

పుస్తకం నిండాక పూజచేసి, పానకం, వడపప్పు నైవేద్యం పెట్టి గుడికి అప్పగిస్తారు. వీలైతే భద్రాచలం తీసుకెళ్తారు. లేదంటే ఊళ్ళోని రామాలయంలోనే ఇస్తారు. చాలాచోట్ల ఇలా చేరిన పుస్తకాలను భద్రపరిచి పైన రామకోటి స్థూపం కడతారు. కొందరు కృష్ణలోనో గోదావరిలోనో కలుపుతారు. ఎలా చేసినా ఒకటి ఖాయం. రాసింది రాసినవాళ్ళ దగ్గర ఉండదు. ఇన్నేళ్ళ చేతిరాతను చేతులారా ఇచ్చేసి రావాలి. రేపు బిడ్డను పంపాల్సినవాళ్ళకు ఇంతకన్నా మంచి సాధన ఏముంది?

లెక్కలోని మర్మం

రోజుకు వెయ్యి చొప్పున రాసినా కోటి పూర్తవడానికి పదివేల రోజులు, అంటే 27 ఏళ్ళ పైన పడుతుంది. ఒక బిడ్డ పుట్టి, పెరిగి, తనూ ఓ బిడ్డను ఎత్తుకునేంత కాలం. రోజుకు 108 చొప్పున అయితే 250 ఏళ్ళు దాటుతుంది. కాబట్టి చాలామంది లక్షతో సంకల్పం చెప్పుకుంటారు. 108 చొప్పున లక్షకు 926 రోజులు. ఇంటర్ రెండేళ్ళూ గడిచి, ఫలితాలు వచ్చి, పిల్ల ఎక్కడో ఒకచోట చేరి కుదురుకునే సమయమది.

ఈ లెక్కలోనే పెద్దల తెలివి ఉంది. గమ్యం అందనంత దూరంలో ఉంటుంది, ఈ రోజు పని మాత్రం పది నిమిషాల్లో అయిపోతుంది. పిల్లల పెంపకమూ అంతే. వాడు ఏమవుతాడన్నది మన చేతిలో లేదు. ఈ పూట వాడితో ఎలా మాట్లాడతామన్నది మన చేతిలో ఉంది. రామకోటి రాసే తల్లి రోజూ ఈ పాఠాన్ని వేళ్ళతో నేర్చుకుంటుంది. పరీక్షల్లోలా ఇందులో మార్కుల్లేవు, ర్యాంకుల్లేవు. చక్కగా రాసిన గడికీ వంకరపోయిన గడికీ విలువ ఒకటే.

ఇలా రాసి సమర్పించే అభ్యాసం మన ఒక్కరిదే కాదు. కాశీలో రామనామాలు జమచేసుకునే రామ రమాపతి బ్యాంకు ఉంది. అక్కడ సంకల్పం పట్టినవాళ్ళు రోజుకు 500 చొప్పున 8 నెలల 10 రోజుల్లో లక్షా పాతికవేల నామాలు రాస్తారు. జపాన్‌లో బౌద్ధులు కుంచెతో హృదయ సూత్రాన్ని నకలు రాస్తారు. కృష్ణా జిల్లాలోని క్రైస్తవ కుటుంబాల్లో బైబిల్‌ను చేత్తో రాసుకునేవాళ్ళున్నారు. పేరు ఎవరిదైనా, ఒక పవిత్రమైన మాట కింద తమ బెంగను ఉంచి రాసుకుంటూ పోవడమే అందరూ చేసే పని.

ఇలాంటి సాధన మనిషిని నెమ్మదింపజేస్తుందనడానికి శరీరం నుంచీ ఒక ఆధారం ఉంది. ఇటలీ వైద్యుడు లూచియానో బెర్నార్డి బృందం 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక అధ్యయనం ప్రచురించింది. 23 మంది ఆరోగ్యవంతుల చేత జపమాల ప్రార్థన, ఓ బౌద్ధ మంత్రం పలికిస్తే, వాళ్ళ శ్వాస నిమిషానికి ఆరు సార్లకు నెమ్మదించింది. గుండె, రక్తపోటు లయల్లోనూ మంచి మార్పు కనిపించింది. అది పలకడం మీద చేసిన అధ్యయనమే, రాయడం మీద కాదు. అయినా రామకోటిలో నామం లోలోపల పలుకుతూనే ఉంటుంది. నాలుగు వరసలు దాటేసరికి ఊపిరి నిదానించడం రాసేవాళ్ళకు అనుభవమే.

దేవుడితో తగువు కూడా భక్తే

అయితే నామం ఒక్కటే రాస్తే కొందరికి లోపలి మంట చల్లారదు. "నా బిడ్డకే ఎందుకు ఇలా?" అన్న ప్రశ్న గడిలో ఇమడదు. మన సంప్రదాయం దానికీ చోటిచ్చింది. కృష్ణా జిల్లా దివిసీమ ప్రాంతం వాడైన కాసుల పురుషోత్తమ కవి, కృష్ణ ఒడ్డున శ్రీకాకుళంలో కొలువైన ఆంధ్ర మహావిష్ణువు మీద ఆంధ్రనాయక శతకం చెప్పాడు. పైకి నింద, లోపల స్తుతి. దేవుణ్ణి నిలదీయడం మనకు అపచారం కాదనడానికి ఆ సీసపద్యాలే సాక్ష్యం. గోల్కొండ చెరలో రామదాసు రాముణ్ణి వేడుకున్నాడు, కోపమొచ్చినప్పుడు నిష్ఠూరమూ ఆడాడు.

గన్నవరం పక్కన ఉంగుటూరు మండలంలోని నందమూరులో 1895లో పుట్టిన విశ్వనాథ సత్యనారాయణ, భార్య పోయిన దుఃఖాన్ని వరలక్ష్మీ త్రిశతిగా రాసుకున్నారు. ఆయనకు జ్ఞానపీఠం తెచ్చిన రామాయణ కల్పవృక్షం ఏళ్ళ తరబడి సాగిన రచన. ఒకటి తన దుఃఖాన్ని తన మాటల్లో చెప్పుకోవడం, రెండోది రామకథను పట్టుకుని ఏళ్ళ పొడుగునా నడవడం. ఒకే మనిషికి రెండు రాతలూ కావలసి వచ్చాయి. మనకూ అంతే.

ఇలా దుఃఖాన్ని మొరగా రాసుకోవడంలో మేలుందని అమెరికా మనస్తత్వవేత్త జేమ్స్ పెన్నెబేకర్ 1986లో చూపించాడు. కాలేజీ విద్యార్థుల్లో కొందరు తమను బాధించిన సంఘటనల గురించి వరసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాలు రాశారు. జరిగిందాన్నీ, దానివల్ల కలిగిన బాధనీ కలిపి రాసినవాళ్ళు తర్వాతి ఆరునెలల్లో కాలేజీ ఆరోగ్య కేంద్రానికి తక్కువసార్లు వెళ్ళారు. రాసిన వెంటనే మాత్రం వాళ్ళ మనసు ఇంకా బరువెక్కింది. తర్వాత జరిగిన అనేక అధ్యయనాలు కలిపి చూస్తే మేలు ఉంది, కానీ కొద్దిగానే. అందువల్ల దీన్ని మహిమగా చెప్పుకోవద్దు, అలవాటుగా పట్టుకుందాం.

నేను సూచించే పద్ధతి ఇది. రెండు పుస్తకాలు పెట్టుకోండి. ముందు మొర పుస్తకం. పదిహేను నిమిషాలు, ఎవరూ చదవరన్న ధైర్యంతో, వ్యాకరణం, అందం చూసుకోకుండా రాయండి. ఈ రోజు బిడ్డ ఏమన్నాడు, నేనేమన్నాను, నాకు ఎక్కడ గుచ్చుకుంది, నాకు దేనికి భయం? దేవుడి మీద కోపముంటే అదీ రాయండి. తర్వాత రామకోటి తీయండి. 108 కుదరకపోతే పదకొండు. మొర మనసును కలతపెడుతుంది, నామం దాన్ని తేటపరుస్తుంది. మొర రాసి అక్కడితో లేవొద్దు. మరీ కలచివేస్తుంటే ఆ రోజుకు మొర ఆపి నామమే రాయండి.

ఈ రాత దేనికి కాదు

రామకోటిని బేరంగా మార్చకూడదు. లక్ష రాస్తాను, మావాడికి సీటు రావాలి అని మొదలుపెడితే, సీటు రానిరోజు తల్లి విశ్వాసమూ పోతుంది, ఆ పిల్లవాడి మీద ఇంకో నేరమూ పడుతుంది. "నీకోసం ఇంత రాశాను" అన్న మాట పిల్లల ముందు ఎన్నడూ అనకూడదు. రాయమని వాళ్ళను బలవంతపెట్టనూ కూడదు. ఇది మన బెంగ మనం మోసుకునే సాధన. దీని ఫలితం వెతకాల్సింది మార్కుల జాబితాలో కాదు, మన గొంతులో. నిన్న అరిచిన చోట ఇవాళ కాస్త ఆగి మాట్లాడగలిగితే ఆ పుస్తకం పనిచేసినట్టే. తండ్రులకూ ఇది వర్తిస్తుంది. ఫీజు కట్టడంతో బెంగ తీరదని వాళ్ళకూ తెలుసు.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. బిడ్డ తిండి, నిద్ర మానేసినా, చచ్చిపోవాలని ఉందన్నా, బాలింత తన పసిబిడ్డను చూసి రోజుల తరబడి ఏడుస్తున్నా, అది పుస్తకంతో తీరేది కాదు. ముందు డాక్టరు, తర్వాతే రామకోటి. కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కి రాత్రీ పగలూ ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. సాయం అడగడం విశ్వాసం లేకపోవడం కాదు.

మంచిరోజు కోసం ఆగకండి. ఈ రాత్రి పిల్లలు పడుకున్నాక పదకొండు గళ్ళు గీసి రాయడం మొదలుపెట్టండి. రేపు పొద్దున్న మీ బిడ్డకు ఫోన్ చేసినప్పుడు మార్కుల సంగతి ఎత్తకుండా, తిన్నావా, నిద్రపట్టిందా అని అడగండి.