అగ్ని త్రికోణమునకు బొగ్గుగని పరీక్ష

రామగుండం, గోదావరిఖని ప్రాంతములో చదువు ముగించి వర్క్‌షాపులో అడుగిడిన యువకునకు గోడమీద ఒక తెలిసిన పటము కనిపించును. ఇంధనము ఒక భుజము, ఆమ్లజని రెండవది, ఉష్ణము మూడవది. ఇదియే అగ్ని త్రికోణము. మూడింటిలో ఏ ఒక్కటి తొలగించినను నిప్పు ఆరునని దాని సారాంశము. దహనమును బోధించు ఉపాధ్యాయునకు ఇంతకంటె సులువైన పటము దొరకదు. నూనె మంటపై ఇసుక ఎందుకు చల్లవలెనో, కట్టెల మంటపై నీరు ఎందుకు పోయవలెనో అది క్షణములో చెప్పును. అయినను సింగరేణి నేలపై దీనిని ఇంతటితో వదలుట తగదు. నిప్పును ఆర్పుట ఎట్లో ఇది చెప్పును గాని, కాపలా ఎంతసేపు కాయవలెనో చెప్పదు.

మొదటి చిక్కు ఉష్ణమను భుజముతోనే. పటము చూచినవాడు ఆ ఉష్ణము అగ్గిపుల్లనుండియో, వెల్డింగు రవ్వనుండియో రావలెననుకొనును. బొగ్గునకు నిప్పు పెట్టువాడు అక్కరలేదు. పొడియై కుప్పపడిన బొగ్గు మామూలు ఉష్ణోగ్రతవద్దనే ఆమ్లజనిని పీల్చుకొని మెల్లగా ఆక్సీకరణము చెందును. అందువలన కొంత వేడి పుట్టును. గాలి ధారాళముగా వీచినచో ఆ వేడి పోవును. గాలి బొత్తిగా లేనిచో చర్యయే ఆగును. ప్రమాదమంతయు ఈ రెంటి నడుమ ఉన్నది. చర్యకు చాలినంత, చల్లార్చుటకు చాలనంత గాలి సన్నగా సోకుచున్నచో వేడి కూడుకొనును. వేడి హెచ్చినకొలది చర్య వేగము హెచ్చి, తుదకు నిప్పు రాజుకొనును. కనుక గాలిని ఎంత తగ్గించిన అంత మేలు అనుట బొగ్గు విషయములో నిజము కాదు. పగుళ్లుబారిన స్టాపింగు గోడ వలన కలుగు కీడు ఇట్టిదే.

గోదావరిఖని 10వ ఇంక్లైనులో బ్లాస్టింగు గ్యాలరీ పద్ధతిని వాడినప్పుడు ఈ చిక్కు ఎదురైనది. మందమైన పొరను తీయు ఆ పద్ధతిలో కొంత బొగ్గు గోఫులో, అనగా బొగ్గు తీసి వదలిన చోటులో, మిగిలిపోవును. అట్టి గోఫులోనికి నత్రజనిని పంపుట ఒక ఉపాయము. తవ్వకము మొదలిడిన నాటినుండి వేడెక్కు సూచన తొలిసారి కనిపించువరకు పట్టు వ్యవధిని ఇంక్యుబేషన్ కాలమందురు. ఆలోగా ప్యానెలు పని ముగించి, గోడలు కట్టి మూసివేయునట్లు ముందే లెక్కవేయుదురు. త్రికోణములో చోటు లేని కాలము గనిలో ఇంత ముఖ్యమైనది.

ఈ లోపము తీర్చుటకేనా అన్నట్లు కొందరు నాల్గవ అంశముగా గొలుసుచర్యను చేర్చి త్రికోణమును చతుర్ముఖిగా మార్చిరి. జ్వాలల విషయములో అది సరియే. సోడియం బైకార్బనేటు పొడి మంటను ఆర్పుటకు ముఖ్యకారణము ఆ గొలుసును తెంచుటయే. కాని కణకణలాడు బొగ్గులో జ్వాల లేదు. పొడి చల్లినచో పైమంట పోవును, లోపలి నిప్పు మరల లేచును. ఎర్రగా కాలిన బొగ్గు రాశిపై నీరు పోయుటయు నిరపాయము కాదు. నీటియావిరి బొగ్గుతో కలసి కార్బన్ మోనాక్సైడు, ఉదజని పుట్టును. రెండును మండు వాయువులే. సవరించిన పటము బొగ్గునకు మునుపటికంటె దగ్గర కాలేదని చెప్పవలసియున్నది.

ఇక ఫైర్ గార్డు మాట. కన్వేయరు బెల్టు చెంత గ్యాస్ కటింగు జరుగునప్పుడు అతడు బొగ్గుపొడిని ఊడ్పించి నేల తడిపించవలెను. ఆర్పు సాధనము నిండుగా ఉన్నదో లేదో చూడవలెను. ఎవరికి కబురంపవలెనో ఎరిగియుండవలెను. ఆ సమయములో అతనికి వేరొక పని అప్పగించుట, పొదుపు పేర చాలచోట్ల జరుగు తప్పు. అసలు పని వెల్డరు సామాను సర్దుకొన్న తరువాతనే మొదలగును. రవ్వ పడిన పొడి మంట లేక పొగ లేక రాజుకొనుచుండవచ్చును. అమెరికా నియమములు పని ముగిసిన పిదప కనీసము అరగంట కాపలా కోరినవి. అక్కడి జాతీయ అగ్నిరక్షణ సంఘము 2019 నాటి ప్రమాణములో దానిని గంటకు పెంచినది. బొగ్గుపొడి పేరుకొన్న చోట గంటయు చాలకపోవచ్చును.

నిప్పును చూచియు చిన్నదని ఊరకున్నచో ఏమగునో 1909 నవంబరు 13న ఇల్లినాయి రాష్ట్రపు చెర్రీ గనిలో తేలినది. విద్యుత్తు చెడుటచే కిరసనాయిలు దివిటీలు వెలిగించిరి. కంచరగాడిదలకై తెచ్చిన ఎండుగడ్డి బండికి ఒక దివిటీనుండి నిప్పంటినది. మొదట లెక్కచేయలేదు, పిమ్మట బండిని అటునిటు నెట్టిరి. గనిలోనివారికి కబురు చేరుటకు ముప్పావుగంట పట్టినది. 259 మంది మరణించిరి. అక్కడ మూడు భుజములు ఎవరికి తెలియవు గనుక? లోపించినది వెంటనే కేకవేయు బాధ్యతగల మనిషి.

గనిలో చంపునది తరచు మంట కాదు, వాయువు. 1994 జనవరి 25న పశ్చిమబెంగాలులోని న్యూ కెండా గని అగ్నిప్రమాదములో 55 మంది పోయిరి. కార్బన్ మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు. ముక్కుతో కాపలా కాయలేము. అందుకే గాలి నమూనా తీసి గ్రాహం నిష్పత్తి కట్టుదురు: పుట్టిన కార్బన్ మోనాక్సైడును తగ్గిన ఆమ్లజనితో భాగించి నూరుచే గుణింతురు. ఒక నమూనాలో మొదటిది 0.004 శాతము, రెండవది 0.4 శాతము అయినచో నిష్పత్తి 1, జాగ్రత్తపడవలసిన అంకె. మంచిగాలి కలసి రెండును సమముగా పలుచబడినను నిష్పత్తి మారదు. తొమ్మిదవ తరగతి విద్యార్థి చేయగల లెక్కయే ఇది. త్రికోణము గీసిన నల్లబల్లపైననే, దాని ప్రక్కన, నాలుగు వారముల నమూనాల అంకెలు వ్రాసి నిష్పత్తి పెరుగుచున్నదో లేదో పిల్లలచే చెప్పించవచ్చును.