తలుపు వెనక పని

ముదినేపల్లిలో మా బాబాయి ఇంటి వసారా. నవారు మంచం మీద పాత దుప్పటి పరిచి, తన మారుతి 800 తలుపు నుంచి ఊడదీసిన డోర్ ప్యాడ్‌ను బోర్లా పడుకోబెట్టారు. 2022లో ఊరు ఏలూరు జిల్లాలో కలిసింది గానీ, బండి నంబరు ఇంకా పాత కృష్ణా జిల్లా ఏపీ 16దే. ఆ మోడలు తయారీ 2014లోనే ఆగిపోయింది.

ప్యాడ్ ముందువైపు మోచెయ్యి ఆనే చోట రెగ్జిన్ అరిగి లోపలి గుడ్డ కనిపిస్తోంది. అడుగు అంచు ఉబ్బి లేచింది. రెగ్జిన్ పాతబడిందనే నేను అనుకున్నాను. బాబాయి వెనకవైపు హార్డ్‌బోర్డును గోటితో గీరారు. అడుగు నాలుగంగుళాలూ నానిన బిస్కట్టులా పొరలు పొరలుగా రాలింది.

"రోగం ఇక్కడుందిరా. పైతోలు మారిస్తే ఏం లాభం?" అన్నారు.

వాన పడినప్పుడు గ్లాసు మీది నీళ్లు కొంత రబ్బరు సందులోంచి తలుపు లోపలికి దిగుతాయి. అది తలుపు లోపం కాదు, దాని కట్టుబడే అంత. దిగిన నీరు అడుగునున్న చిన్న చిల్లుల్లోంచి కారిపోవాలి. ఆ తడి ప్యాడ్‌కు తగలకుండా మధ్యలో ఒక ప్లాస్టిక్ కాగితం ఉంటుంది. ఈ బండిలో ఎప్పుడో గ్లాసు మిషన్ బాగుచేస్తూ ఆ కాగితం చింపి, అలాగే వదిలేశారు. చిల్లులేమో చేపల చెరువుల గట్ల మట్టితో పూడిపోయాయి. కొల్లేరు దాపున పెరిగినవాళ్లకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. బుడమేరూ తమ్మిలేరూ తెచ్చి పోసే నీటికి సముద్రం దారి ఉప్పుటేరే. అది పూడితే నీరు ఊళ్ల మీద పడుతుంది. తలుపులో అయితే అట్ట మీద పడుతుంది.

అందుకే ఆయన మొదటి పూటంతా రెగ్జిన్ జోలికే పోలేదు. సైకిలు పుల్లతో చిల్లులు పొడిచి శుభ్రం చేశారు. కొత్త ప్లాస్టిక్ కాగితం అంటించి, దాని అడుగు అంచును మాత్రం రేకు సందులోంచి తలుపు లోపలికి దోపారు. కాగితం మీద జారిన చుక్క కూడా లోపలే పడి, చిల్లు వెతుక్కుంటుంది. రేపు ఆ పనిని చూసేవాళ్లుండరు. నాకు అన్నిటికంటే నచ్చింది అదే.

పాత అట్టను కొత్త హార్డ్‌బోర్డు మీద పెట్టి, ఉబ్బిన చోట ఉబ్బును లెక్కలోంచి తీసేసి, గీత గీశారు. క్లిప్పుల రంధ్రాలు ఒక్క నూలు జరిగినా ప్యాడ్ తలుపు మీద కూర్చోదు. కోసిన అంచులకు రెండుసార్లు వార్నిష్ పట్టించారు. అట్ట నీళ్లు తాగేది ఆ అంచుల్లోంచే.

రెగ్జిన్ అనేది నిజానికి ఇంగ్లండులో మాంచెస్టర్ దగ్గర హైడ్ అనే ఊళ్లోని కంపెనీ పేరు. బట్ట మీద నైట్రోసెల్యులోజ్ పూత పూసి తోలులాంటిది తయారుచేసేవారు. ఇప్పుడు మన బజారులో దొరికేది ఎక్కువగా పీవీసీ పూతదే. పేరు మాత్రం నిలిచిపోయింది. బాబాయి తెచ్చింది 54 అంగుళాల పన్నా. దాన్ని మధ్యాహ్నం డాబా మీద ఎండలో పరిచారు. వేడెక్కితే మెత్తబడి, లాగినట్టల్లా వస్తుంది.

పాత కార్ల ప్యాడ్లలో చాలావాటి మీద కనిపించేది కుట్టు కాదు, వేడితో నొక్కిన కుట్టు ముద్ర. ఇంట్లో ఆ యంత్రం లేదు కాబట్టి బాబాయి నిజంగానే కుట్టారు. పిన్ని మిషను మీద, లావు సూదితో, టాకా వెడల్పు చేసి కుట్టారు. దగ్గర దగ్గరగా కుడితే రెగ్జిన్ తపాలా బిళ్ల అంచులా అయి, ఆ వరస వెంబడే చిరుగుతుంది. పైగా బట్టలో తప్పు కుడితే విప్పి మళ్లీ కుట్టొచ్చు. రెగ్జిన్ మీద సూది పడ్డ చిల్లు ఎప్పటికీ పోదు.

ఇక జిగురు. అట్టకూ రెగ్జిన్‌కూ రెండింటికీ పల్చగా పూసి, వేలికి అంటకుండా ఆరేదాకా ఆగాలి. నేను తొందరపడితే, "ఆగరా, అది పిలుస్తుంది" అన్నారు. ఈ సీమలో ఇంకో చిక్కు ఉంది. జిగురులోని ద్రావకం ఆరిపోతూ ఆ పొరను చల్లబరుస్తుంది. గాలిలో తేమ ఎక్కువైతే దాని మీద మంచు పట్టినట్టు చెమ్మ చేరి, ఆపైన ఎంత నొక్కినా అతకదు. అందుకని ఆయన ముసురు రోజుల్లోనూ, పొద్దున మంచు విడవకముందూ జిగురు డబ్బా మూత తియ్యరు.

అంటించేటప్పుడు ముందు నాలుగు వైపులా నడిమి భాగాలు లాగి నొక్కారు, మూలలు ఆఖర్న. గుండ్రటి మూల దగ్గర వెనక్కి మడిచే రెగ్జిన్‌లో చిన్న చిన్న కోణాలు కత్తిరించి తీసేశారు, అంచుకు ఇంకా గింజెడు దూరం ఉండగానే కత్తెర ఆపుతూ. ఆ గింజెడు దాటితే చీలిక ముందువైపుకు వచ్చేస్తుంది. హ్యాండిల్ రంధ్రం దగ్గర నడిమి నుంచి చుక్క ఆకారంలో కోసి, ఆ రెక్కలను వెనక్కి తిప్పారు. పూర్తయ్యాక ఆ మూల మీద వేలు నడిపి చూశాను. ముడత తగల్లేదు. తిరగేస్తే వెనక మడతలు జడ పాయల్లా ఒకదాని పక్కన ఒకటి అమరి ఉన్నాయి.

సాయంత్రం ప్యాడ్‌ను తలుపుకు ఆనించి అరచేత్తో చుట్టూ నొక్కారు. క్లిప్పులు టక్కు టక్కున కూర్చున్నాయి. నేను రంగు చూస్తూ నిలబడ్డాను. బాబాయి చెంబుతో నీళ్లు తెచ్చి గ్లాసు మీద పోసి, కింద కూర్చుని తలుపు అడుగుకేసి చూశారు. కాసేపటికి మొదటి చిల్లులోంచి నీళ్లు కారాయి, తర్వాత రెండో దాంట్లోంచి.

"రెండోవైపు తలుపు రేపు," అంటూ లేచారు.