లోపల వదిలిన గుడ్డ

చంక కింద కుట్టు విప్పుతుంటే ఒక నీలం బయటపడింది. నాన్న చొక్కాలోదే, కానీ నేనెప్పుడూ చూడని నీలం. ఏళ్ళ తరబడి డాబా మీద తీగకి ఎండి ఎండి చొక్కా పైవైపు వేసవి ఆకాశంలా వెలిసిపోయింది. లోపలివైపు దానికంటే పిసరంత ముదురు. కుట్టుకి అవతల, టైలరు లోపలికి వదిలేసిన అంగుళం పైచిలుకు గుడ్డ మాత్రం, కొట్లో తాను విప్పి చూపించిన రోజున ఎలా ఉందో అలాగే ఉంది. ఒకే చొక్కాలో మూడు నీలాలు. సగం బ్లేడు వేళ్ళ మధ్య పట్టుకుని కాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను.

ఈ చొక్కా నా చేతికి రావడం వెనక ఒక చిన్న దొంగతనం ఉంది. కిందటి నెల శ్రీకాకుళం వెళ్ళేసరికి అమ్మ పాత బట్టలన్నీ మూట కట్టి గుమ్మం పక్కన పెట్టింది. స్టీలు సామాన్లావిడ వచ్చే రోజట. ఆవిడ బేరం నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఒక్కో చొక్కాని వెలుగుకి ఎత్తి పట్టి చిల్లులు వెతుకుతుంది. కాలరు చూసి పెదవి విరుస్తుంది. చివరికి మూటంతా తీసుకుని, అమ్మ అడిగిన గిన్నె కాకుండా దానికంటే ఒక సైజు చిన్నది చేతిలో పెట్టి వెళ్తుంది. ఆవిడ వచ్చేలోపు నేను మూటలోంచి మూడు చొక్కాలు లాగేశాను.

"ఎందుకే అవి?"

"జాకెట్టు కుట్టుకుంటానమ్మా."

"బీరువా నిండా జాకెట్టు ముక్కలు మూలుగుతుంటే మీ నాన్న చొక్కాలే దొరికాయా నీకు?"

అమ్మ అన్నదీ నిజమే. తెలుగింట్లో జాకెట్టు ముక్కలకి కరువుండదు. నోముకి వెళ్తే ఒకటి, పేరంటానికి వెళ్తే ఒకటి, గృహప్రవేశానికి ఒకటి. కానీ ఆ ముక్కల్లో చాలావాటికి కత్తెర మొహం చూసే యోగం ఉండదు. పసుపు కుంకుమలతో వచ్చినవి పసుపు కుంకుమలతోనే ఇంకో ఇంటికి వెళ్తాయి. మా ఇంటి నుంచి వెళ్ళిన మామిడిపండు రంగు ముక్క ఒకటి మూడు వ్రతాలు చూసుకుని, అదే మడతతో మళ్ళీ మా ఇంటికే వచ్చింది. మూలన నేను పెట్టిన బొట్టు మరక చూసి గుర్తుపట్టాను. అవి తిరగడానికే పుట్టిన గుడ్డలు. తొడుక్కోవాలంటే చెమట తాగే గుడ్డ కావాలి. ముప్ఫైసార్లో మూడొందలసార్లో ఉతికిన నూలు చొక్కాని మించిన మెత్తదనం ఏ కొట్లోనూ దొరకదు.

నా కుట్టుపని అర్హతలు కూడా చెప్పాలి. నలభై దాటాక అమ్మ తొక్కుడు మిషను విశాఖపట్నం తెచ్చుకుని నేర్చుకున్న విద్య ఇది. గలీబులు కుట్టాను, సంచులు కుట్టాను, లంగాలు కుట్టాను. జాకెట్టు జోలికి మాత్రం వెళ్ళలేదు. గలీబుకి ఊపిరాడనక్కర్లేదు. జాకెట్టు చెయ్యెత్తాలి, వంగాలి, బస్సులో కడ్డీ పట్టుకోవాలి, భోజనాల పంక్తిలో కూర్చోవాలి. ఇంగ్లీషువాళ్ళు చలికి పైన వేసుకునే కోటు పేరు మనింటికి వచ్చి, ఇంత బిగుతైన బట్టకి ఎలా అతుక్కుందో గానీ, కుట్టడంలో దీన్ని మించిన పరీక్ష నాకింతవరకూ ఎదురుకాలేదు.

మూడు చొక్కాల్లో మొదటిది నేను చెప్పిన నీలం నూలు చొక్కా. రెండోది తెల్ల పొందూరు ఖద్దరు. మూడోది నేనే ఓ పుట్టినరోజుకి నాన్నకి కొనిచ్చిన రెడీమేడ్ గళ్ళ చొక్కా. మొదటి రెండూ పాలకొండ రోడ్డులో నాన్న ముప్ఫై ఏళ్ళు నమ్ముకున్న మాస్టారు కుట్టినవి. నాన్న స్కూల్లో పాఠాలు చెప్పే మాస్టారు, ఆయన చొక్కాలు కుట్టే మాస్టారు. ఒకరినొకరు "మాస్టారూ" అని పిలుచుకుంటుంటే చిన్నప్పుడు నాకు నవ్వొచ్చేది.

పొందూరు ఖద్దరుని కత్తిరించడానికి మాత్రం చెయ్యి ఆడలేదు. అక్కడ పత్తిని ఏకడానికి వాలుగ చేప దవడ వాడతారు. ఆ సన్నటి పళ్ళ వరసతో గింజ చుట్టూ ఉన్న పోగుల్ని దువ్వి, చెత్తా నలకా తీసి, ఆ తర్వాతే గింజని వేరుచేసి, ఏకు చుట్టి, రాట్నం మీద వడుకుతారు. ఇన్ని చేతులు దాటి వచ్చిన గుడ్డని స్టీలుగిన్నెకి ఇవ్వడం ఒక తప్పయితే, తొలిసారి జాకెట్టు కుట్టే నా కత్తెరకి ఇవ్వడం ఇంకో తప్పేమో అనిపించింది. చివరికి దాన్ని లైనింగుకి పెట్టాలనుకున్నాను. ఒంటికి తగిలేది అదే కదా. ఖద్దరు కట్టేవాళ్ళు కుట్టుమిషను వాడొచ్చా అని నాన్నని ఒకసారి ఆటపట్టించాను. యంత్రాల మోజుని అంతగా నిరసించిన గాంధీగారు కూడా 1924లో సింగర్ కుట్టుమిషనుకి మినహాయింపు ఇచ్చారమ్మా అని వెంటనే జవాబిచ్చారు. పాఠం చెప్పే అవకాశం వస్తే ఆయన వదలరు.

ఇక విప్పడం. కొత్త గుడ్డతో కుట్టేవాళ్ళకి ఈ అధ్యాయం ఉండదు. పాత బట్టతో కుట్టేవాళ్ళకి సగం పని ఇదే. మా మిషను వేసే కుట్టులో రెండు దారాలుంటాయి. సూదిలోంచి పై దారం, బాబిన్‌లోంచి కింది దారం. ఒకదాన్నొకటి గుడ్డ మధ్యలో పెనవేసుకుని ముడిపడతాయి. ఒక చివర పట్టుకుని లాగితే రాదు, గుడ్డే చిరుగుతుంది. ఒకవైపు నాలుగైదు కుట్లకొకటి చొప్పున బ్లేడుతో తెంపుకుంటూ పోవాలి. అప్పుడు వెనకవైపు దారం లాగితే మెల్లగా వచ్చేస్తుంది. బియ్యం బస్తా మూతి కుట్టు ఇలా ఉండదు. అది గొలుసు కుట్టు. సరైన కొస దొరికితే చాలు, సర్రున మొత్తం ఊడిపోతుంది. గళ్ళ చొక్కా పక్క కుట్టు అచ్చం అలాగే ఊడింది. రెండు నిమిషాల్లో పని అయిపోయింది.

అయ్యాక చూస్తే లోపల ఏమీ లేదు. పావు అంగుళం గుడ్డ, అదీ మడతలో నలిగి పీచు తేలింది. ఆ ఫ్యాక్టరీని నేను తప్పుపట్టను. ఒక్కో చొక్కాకి ఒక అంగుళం మిగిల్చినా వేల చొక్కాలకి తానులు తానులు మిగులుతాయి. వాళ్ళ లెక్క వాళ్ళకి సరిపోయింది. ఆ లెక్కలో ఒక ఊహ దాగి ఉంది. ఒళ్ళు మారితే చొక్కా మారుతుంది, పాతది పోతుంది.

పాలకొండ రోడ్డు మాస్టారి లెక్క వేరు. ఒళ్ళు మారుతుంది, చొక్కా ఉంటుంది. అందుకే పక్కల్లో గుడ్డ వదిలేవారు, చేతుల మడతలో వదిలేవారు, నా పరికిణీలకైతే కిందన రెండు మడతలు వేసి దాచేవారు. ఏటా సంక్రాంతికి ఒక మడత విప్పితే పరికిణీ నాతోపాటు పొడుగయ్యేది. విప్పినచోట పాత అంచు గీత ఒకటి మిగిలేది. మా క్లాసులో సగం మంది పరికిణీలకి ఆ గీతలుండేవి. చెట్టు మొదలు నరికితే వయసు తెలిసినట్టు, గీతలు లెక్కపెడితే పరికిణీ వయసు తెలిసేది. నాన్న చొక్కాకి కూడా ఒక పక్క విప్పి మళ్ళీ వేసిన పాత కుట్టు చిల్లుల వరస కనిపించింది. నాన్నకి పొట్ట వచ్చిన ఏడాది అయి ఉంటుంది.

కాలరు విప్పితే ఇంకో సంగతి తెలిసింది. అది అప్పటికే ఒకసారి తిరగబడిన కాలరు. ఈ తరం పిల్లలకి చెబితే నమ్మరు గానీ, మెడ దగ్గర మడత చిరిగిన కాలరుని పట్టీ నుంచి ఊడదీసి, కిందివైపు పైకి వచ్చేలా తిప్పి మళ్ళీ కుట్టించుకునేవాళ్ళు. చిరుగు మడత కిందకి పోయేది. చొక్కాకి ఇంకో రెండేళ్ళ ఆయుష్షు. మా నాయనమ్మ అయితే దీన్ని విద్యలా కాదు, రివాజులా చెప్పేది. రెండో ప్రపంచయుద్ధం నాటి కంట్రోలు రోజులు చూసిన మనిషి. 1943లో బట్టల మీద కంట్రోలు వచ్చాక ధోవతి చిరిగితే తువ్వాలు, తువ్వాలు చిరిగితే పొత్తిగుడ్డ, అదీ చిరిగితే మసిగుడ్డ. చీరలైతే బొంతలోకి. ఇంట్లో ఏ గుడ్డా ఒక్క జన్మతో సరిపెట్టుకునేది కాదు.

కాలరు చూశాకే నాకు ఆలోచన వచ్చింది. మొత్తం చొక్కానే తిరగేస్తే? పైవైపు వెలిసింది, లోపలివైపు ఇంకా బాగానే ఉంది. జాకెట్టుకి లోపలివైపునే పైకి పెట్టాను.

గుడ్డ పరిచి కొలతలు వేశాక అసలు బేరం మొదలైంది. జాకెట్టు వీపు భాగం చొక్కా వీపులోంచి హాయిగా వచ్చింది, నడుం పట్టీకి కూడా మిగిలింది. ముందు భాగం దగ్గర చిక్కుపడ్డాను. నాకు అలవాటైన జాకెట్టు క్రాస్ కటింగు. గుడ్డని ఐమూలగా పెట్టి కోస్తే పోగులు కాస్త సాగి ఒంటికి ఒదుగుతాయి. కానీ ఐమూలకి వెడల్పు కావాలి. మధ్యకి చీలిన చొక్కా ముందు పలకలో అంత వెడల్పు ఎక్కడిది? ఎటు తిప్పినా ఒక మూల గాల్లోకి పోతోంది. అమ్మకి ఫోన్ చేశాను.

"క్రాస్ రాదే దానికి. నిలువుగా కోసి నాలుగు డాట్లు వెయ్యి. మా రోజుల్లో అందరివీ అవే."

కొత్త గుడ్డయితే నేను అడిగింది ఇస్తుంది. పాత గుడ్డ తనకున్నది చెబుతుంది, మనం సర్దుకోవాలి. నాలుగు డాట్ల జాకెట్టు నేను ఎంచుకున్నది కాదు, చొక్కా వెడల్పు ఎంచినది.

చేతుల దగ్గర మాత్రం తప్పు పూర్తిగా నాదే. పొట్టి చేతుల చొక్కా కాబట్టి, ఆ చేతుల అంచు మడత అలాగే ఉంచుకుని పైన చంక వంపు మాత్రం కోసుకుంటే హెమ్మింగు పని తప్పుతుందని తెలివికి పోయాను. రెండు చేతుల్నీ ఒకదాని మీద ఒకటి పెట్టి కోశాను. ఎదురెదురుగా పెట్టాలన్న సంగతి కోశాక గుర్తొచ్చింది. జాకెట్టు చేతికి ముందువైపు వంపు లోతు, వెనకవైపు తక్కువ. నా దగ్గర ఇప్పుడు రెండు కుడిచేతులున్నాయి. కొత్త గుడ్డయితే ఏడ్చేదాన్ని. ఇది రెండువైపులా పనికొచ్చే గుడ్డ. ఒకదాన్ని తిరగేసి, అంచు విప్పి మళ్ళీ మడిచి కుట్టి ఎడమచెయ్యి చేశాను. అందుకే నా జాకెట్టు కుడిచెయ్యి ముదురు నీలం, ఎడమచెయ్యి వెలిసిన నీలం. ఎడమ భుజాన్ని పైట కాస్తుంది. పైట ఉన్న దేశంలో పుట్టినందుకు తొలిసారి కుట్టుపరంగా సంతోషించాను.

గుండీల పట్టీని అలాగే వాడుకుందామనుకున్నాను. మగవాళ్ళ చొక్కాకి ఎడమవైపు పైకి వస్తుంది, ఆడవాళ్ళ బట్టకి కుడివైపు. అమ్మ చూస్తే మొదట పట్టుకునేది అదే. విప్పి హుక్కులు పెట్టాను. గళ్ళ చొక్కా వృథా పోలేదు. దాన్ని ఐమూలగా సన్న పేలికలు కోసి మెడకి పైపింగు వేశాను. జేబు విప్పినచోట నీలం నాలుగు పలకల నీడలా నిలిచిపోయింది, మూలన ఎర్ర సిరా చుక్కతో సహా. మార్కులు వేసిన పెన్నుది. ఆ చోటు ఎక్కడ పడుతుందా అని లెక్క వేసుకుని, లోపలి వైపుకే పోయేలా చూసుకున్నాను.

మూడు ఆదివారాలు పట్టింది. ఇది పొదుపు అని చెప్పుకోను, నా మూడు ఆదివారాల ఖరీదుకి రెడీమేడ్ జాకెట్లు నాలుగొస్తాయి. భూగోళాన్ని కాపాడానని కూడా అనను. ఒక చొక్కాతో భూమి బరువేమీ తగ్గదు. నాకు దక్కిందల్లా ఒకటే. ముప్ఫై ఏళ్ళ కిందట ఒక మనిషి కోసెయ్యగలిగి ఉండీ కొయ్యకుండా వదిలిన అంగుళం గుడ్డని నేను చేత్తో పట్టుకున్నాను. ఎవరికోసం వదిలాడో ఆయనకీ తెలియదు. పొట్ట పెరిగే నాన్న కోసం కావచ్చు. నా కోసమని మాత్రం అనుకుని ఉండడు.

పక్కలు కుట్టేటప్పుడు నేనూ గుడ్డ కొయ్యలేదు. అలవాటు ప్రకారం పక్కపక్కనే మూడు కుట్లు వేశాను. చంక కింద, చెయ్యి ఎత్తితే కనిపించేచోట, ఆ అసలు నీలం సన్నటి చారలా వచ్చింది.

మొన్న మా అక్క కూతురి గృహప్రవేశానికి అదే వేసుకెళ్ళాను. నాన్న చూశారు, మెడ దగ్గర గళ్ళు గుర్తుపట్టి, "ఆ చొక్కా నాకు ఎప్పుడూ బిగుతేనమ్మా" అని మాత్రం అన్నారు. పులిహోర దాకా అంతా బాగానే ఉంది. రెండో బొబ్బట్టు దగ్గర నాక్కూడా ఆయన మాట నిజమనిపించింది. లోపలి గదిలోకి వెళ్ళి, జాకెట్టు విప్పి, పిన్నీసు మొనతో మూడు కుట్లలో లోపలిది ఒకటి నాలుగేసి పోగులు తెంపుకుంటూ ఊడదీశాను. మళ్ళీ తొడుక్కుని వచ్చి పంక్తిలో కూర్చుని మూడో బొబ్బట్టు వేయించుకున్నాను. ఇంకా రెండు కుట్లున్నాయి.