లీటర్ల లెక్క, నది లెక్క

1994 ప్లేగు తరువాత సూరత్ శుభ్రపడిన తీరును మెచ్చుకుంటూ వచ్చిన వ్యాసాలు చాలా ఉన్నాయి. 2014లో బమ్రోలిలో మొదలైన ప్లాంటు వాటికి ఇష్టమైన ఉదాహరణ. రోజుకు 4 కోట్ల లీటర్ల మురుగునీటిని శుద్ధిచేసి పాండేసర పారిశ్రామికవాడకు అమ్మే ఏర్పాటది. ఆ మేరకు మంచినీరు ఆదా అవుతుంది, మెప్పు న్యాయమే. కాని ఈ వ్యాసాలు లీటర్లు లెక్కపెట్టి ఆగిపోతాయి. మరి తపతి సంగతి? 1995లో సింగన్‌పూర్ వద్ద కట్టిన ఆనకట్టకు ఎగువన నిలిచే నీరే నగరానికి తాగునీరు. అక్కడ గుర్రపుడెక్క ఏళ్లుగా బెడదగా ఉంది. నదిలో కలిసే మురుగులోని నత్రజని, భాస్వరం దానికి ఎరువు. మామూలు శుద్ధిలో సేంద్రియ మలినం తగ్గినా ఇవి చాలావరకు మిగిలిపోతాయి. గీటురాయి ప్లాంటు సామర్థ్యం కాదు, నదిలోని నీరు. ఆ నీటిని పరీక్షించి చూపని విజయగాథ సగం కథే.