మళ్లింపు విద్య

మేజామీది కంప్యూటరు ముందు కూర్చుండి విమానము నడుపువానికి ఆపద యేమిటి, ఆతురత యేమిటి అని నన్ను అడుగువారు తఱచుగా నుందురు. అడుగుటలో తప్పు లేదు. వెనుక ప్రయాణికులు లేరు, ముందు ప్రాణభయము లేదు. ఇంధనము నిండుకొన్నచో ఒక మీట నొక్కి మరల నింపుకొనవచ్చును. నేలను ఢీకొన్నచో తెర ఒక్కమారు నల్లబడి మరల వెలుగును. ఇట్టి నిరపాయ లోకమున, గమ్యమును విడిచి వేఱొక విమానాశ్రయమునకు మళ్లు విధానమును నియమావళితో సహా శ్రద్ధగా అభ్యసించువారు దేశదేశములయందును కలరన్న మాట వినువారికి వింతగానే తోచును. కాని ఈ వ్యాసంగముతో నాకు గల చిరకాల సాహచర్యమున తెలియవచ్చినదేమనగా, ప్రాణభయము లేనిచోటనే మళ్లింపు యొక్క స్వరూపము నిర్మలముగా కనబడును. ఏలయన అచ్చట మనలను మళ్లించునది భయము కాదు, కేవలము లెక్క.

ఈ లోకము నిన్న మొన్న పుట్టినది కాదు. బ్రూస్ ఆర్ట్‌విక్ సృష్టించిన ఫ్లైట్ సిమ్యులేటరును మైక్రోసాఫ్ట్ సంస్థ 1982లో ఐబీఎం పీసీకి తెచ్చెను. ఇంటర్నెట్టు వ్యాపించిన పిమ్మట, ఒంటరిగా ఎగురుచుండిన ఔత్సాహికులు ఒకే ఆకాశమున కలసికొనుటకు మార్గమేర్పడినది. 2001లో స్థాపితమైన వాట్‌సిమ్ అను జాలమున పైలట్లును, వారికి దారి చూపు కంట్రోలర్లును, అందఱును వేతనము లేని స్వచ్ఛంద సేవకులే. ఇట్టి పైలట్లు కొందఱు చేరి వర్చువల్ ఎయిర్‌లైనులను ఏర్పఱచుకొందురు. వానికి షెడ్యూళ్లు కలవు, విమానముల పట్టిక కలదు, పైలట్లకు అంతస్తులు కలవు. ప్రతి ప్రయాణమునందును వేగమును, ఎత్తును, ఇంధనమును, చక్రములు నేలను తాకిన తీరును గుర్తించి ప్రధాన కార్యాలయమునకు నివేదించు సాఫ్ట్‌వేరు కలదు. కార్యాలయమన్నను అదియు ఎక్కడో ఒక సర్వరు మాత్రమే.

అనుభవము లేనివారు మళ్లింపును ఆకస్మిక సంఘటనగా భావింతురు. నిజమునకు దానికి బీజము పడునది విమానము కదలకమునుపే. సింబ్రీఫ్ వంటి సాధనము సిద్ధపఱచి యిచ్చు ప్రయాణ ప్రణాళికలో ఇంధనపు పట్టికను నిదానముగా చదివినచో, మానవుడు తన ఆశను ఎంత నిర్మొగమాటముగా కొలిచి పెట్టుకొనగలడో తెలియును. నేలపై రన్‌వేవఱకు నడుచుటకు ఇంత, గమ్యమును చేరుటకు ఇంత, అనుకొనని వ్యయమునకు సాధారణముగా నూటికి 5 వంతులు, గమ్యమున దిగలేనియెడల ప్రత్యామ్నాయ విమానాశ్రయమును చేరుటకు ఇంత. ఇవి యన్నియు పోగా, జెట్ విమానమైనచో 1,500 అడుగుల ఎత్తున 30 నిమిషములు తిరుగుటకు సరిపడు తుది నిల్వ. ఈ తుది నిల్వ ఖర్చు పెట్టుకొనుటకు ఉద్దేశింపబడినది కాదు. దానితో నేల దిగవలెను. ఆ పట్టికలో ఒక వరుసయంతయు గమ్యమును చేరజాలమను ఊహకే అంకితమై యుండుటను నేను ఈ విద్యలోని మొదటి పాఠముగా ఎన్నుదును.

మనకు సమీపమైన ఉదాహరణమునే తీసికొందము. చలికాలపు ఉదయములయందు గన్నవరమున పొగమంచు కమ్ముకొనుటయు, విజయవాడకు రావలసిన విమానములు హైదరాబాదునకు మళ్లుటయు పత్రికాపాఠకులకు క్రొత్త వార్తలు కావు. నేటి సిమ్యులేటర్లు నిజలోకపు వాతావరణ నివేదికలను గ్రహించి తెరపై చూపగలవు గావున, గన్నవరపు మంచు నా గదిలోనికిని వచ్చును. ఢిల్లీనుండి ఏ320 విమానమును తెచ్చుచు, కృష్ణాతీరము సమీపించునప్పటికి రన్‌వే కానరాదను నివేదిక అందినదనుకొందము. మొదటి తరగతి ఐఎల్‌ఎస్ అను రేడియో మార్గదర్శక పద్ధతిలో దిగుటకు సాధారణముగా రన్‌వేపై 550 మీటర్ల దృశ్యమానత కావలెను. 200 అడుగుల ఎత్తునకు దిగునప్పటికి దీపములో రన్‌వేయో కంటబడవలెను. లేనిచో మరల పైకి లేవవలసినదే.

ఇప్పుడెటు పోవలెను? పటముపై చూచినచో రాజమహేంద్రవరపు మధురపూడి చేరువ. కాని చేరువగా నున్నచోట వాతావరణమును సజాతీయమై యుండుట కద్దు. కృష్ణపై దిగిన మంచు గోదావరిపైనను దిగియుండవచ్చును. విశాఖపట్టణము కొంత దూరము, అది నౌకాదళపు విమానాశ్రయము కూడ. రేణిగుంట దక్షిణమున మఱియొక దిక్కు. హైదరాబాదు విమానాశ్రయమగు శంషాబాదు సముద్రమట్టమునకు 2,000 అడుగులకు పైబడిన పీఠభూమిపై నున్నది. 4,000 మీటర్లను మించిన రన్‌వే కలది. దిగిన ప్రయాణికులను బస్సులలో విజయవాడకు పంపుటకు జాతీయ రహదారియు కలదు. ప్రయాణికులే లేనప్పుడు బస్సుల ప్రసక్తి యెందుకని నవ్వుదురేమో! ఆ ప్రసక్తి వచ్చినప్పుడే ఆట అభ్యాసముగా మాఱును. ప్రత్యామ్నాయమును ఎన్నుకొనుటలో చేరువతనము మొదటి ఆకర్షణయే గాని చివరి ప్రమాణము కాదని తెలియుట ఈ యెఱుక వలననే.

ఇక నిర్ణయము. గన్నవరమునుండి శంషాబాదును చేరుటకును, తుది నిల్వకును కలిపి సుమారు 3,000 కిలోల ఇంధనము కావలెననుకొందము. మంచు తొలగునని వేచి చుట్లు తిరుగుట మొదలిడకమునుపే ఆ అంకెను కాగితముపై వ్రాసికొని, ఇంధన సూచిక ఆ అంకెకు దిగునప్పటికి రన్‌వే తెఱువని యెడల ఇతర విచారణ లేకుండ పశ్చిమమునకు తిరుగుదునని సంకల్పించుకొనవలెను. ఆ సంకల్పము ముందుగా చేసికొననివానిని ఆశ ఎన్ని విధముల మాయపుచ్చునో చెప్పనలవి కాదు. మంచు పలుచబడుచున్నట్లుండును, మనకంటె ముందున్నవాడు దిగెనని రేడియోలో వినబడును, ఇంకొక్క చుట్టు, ఇంకొక్క ఐదు నిమిషములు అని మనస్సు బేరమాడును. తెరముందు కూర్చున్నవానికి ఈ బేరము మఱింత సులభము; ఓడిపోయినను నష్టపోవునది ఏమియు లేదు. కావుననే, నష్టము లేనిచోట సైతము అంకెకు కట్టుబడి తిరుగగలిగినవానిని నేను అధికముగా గౌరవింతును.

ఈ బేరము నిజలోకమున ఎచ్చటికి దారితీయునో 1990 జనవరి 25వ తేదీ రాత్రి లోకమునకు తెలిసినది. కొలంబియానుండి న్యూయార్కు కెన్నెడీ విమానాశ్రయమునకు వచ్చుచుండిన ఆవియాంకా సంస్థవారి 52వ సంఖ్యగల బోయింగ్ 707 విమానమును, వాతావరణము ప్రతికూలించి రద్దీ పెరిగినందున, మూడు పర్యాయములుగా మొత్తము 1 గంట 17 నిమిషములు గగనముననే తిరుగుచుండునట్లు నిలిపిరి. ప్రత్యామ్నాయముగా ముందే నిర్ణయింపబడిన బోస్టను నగరమునకు పోవుటకు చాలిన ఇంధనము ఆ చుట్లలోనే హరించినది. మొదటి మారు దిగ యత్నించి విఫలులై, రెండవ యత్నమునకై తిరుగుచుండగా ఇంజనులు ఒకదాని వెనుక నొకటి ఆగిపోయి, ఆ విమానము లాంగ్ ఐలండులోని కోవ్ నెక్ వద్ద కూలెను. 158 మందిలో 73 మంది మరణించిరి. ఇంధనము అడుగంటుచున్నదని వారు చెప్పకపోలేదు, ప్రాధాన్యము కోరకపోలేదు. కాని అత్యవసర పరిస్థితియని నియమితమైన మాటలలో ప్రకటింపలేదు. మఱియొకచోటికి పోవు అవకాశము ఇంధనముతో పాటు తఱిగిపోవును. గట్టు తెగిన పిమ్మట తూము తెఱచిన ప్రయోజనమేమి?

నేటి అంతర్జాతీయ నియమములు ఈ విషయమున మొగమాటమునకు చోటీయవు. ఒక నిర్దిష్ట విమానాశ్రయమున దిగుటకే కట్టుబడి, ఇక ఏ జాప్యము జరిగినను తుది నిల్వకు లోటు వచ్చునని తోచినచో ‘మినిమమ్ ఫ్యూయెల్’ అనవలెను. ఆ లోటు తప్పదని లెక్క తేలినచో ‘మేడే, మేడే, మేడే, ఫ్యూయెల్’ అనవలెను. నేనెఱిగిన క్రొత్త పైలట్లలో పలువురకు ఈ మాటలు తెలిసియు నోట రావు. పదిమంది వినుచుండగా సహాయము కోరుటలో కలుగు సంకోచము కల్పిత గగనమునను అంతే నిజము. దానిని జయించుటకు, నా యెఱుకలో, గట్టిగా పలికి అలవాటు చేసికొనుటకంటె వేఱు మార్గము లేదు.

అయితే, ఆపదను అభినయించుటకు మనకు గల స్వేచ్ఛ ఇతరుల కాలమును వ్యయపఱచునది. తెరకు ఆవల కూర్చున్న కంట్రోలరు తన పనిదినము ముగించుకొని వచ్చిన ఉద్యోగియో విద్యార్థియో కావచ్చును. రద్దీగా నున్న సాయంకాలమున ట్రాన్స్‌పాండరుపై అత్యవసర సంకేతమగు 7700 మెఱసినచో అతడు ఇతరులనందఱను ప్రక్కకు తొలగించి మనకు దారి చేయవలసి వచ్చును. కావుననే, పైలటు అత్యవసరమును ప్రకటింపవచ్చును గాని, కంట్రోలరు విరమింపుమన్నచో తత్క్షణమే విరమింపవలెను, లేనిచో జాలమునుండి తొలగవలెను అని వాట్‌సిమ్ నియమము. విమానాపహరణమును సూచించు 7500 సంకేతమునకు అచ్చట తావే లేదు. ఉత్సాహముతో రెండు ఇంజనులను ఒకేమారు ఆర్పివైచి ఆర్భాటము చేయువానికంటె, మంచు కారణముగా మళ్లుచున్నానని నాలుగు మాటలలో నెమ్మదిగా తెలిపి, తన ఉద్దేశమును, మిగిలిన ఇంధనమును చెప్పి కంట్రోలరు పని తేలిక చేయువాడే నా దృష్టిలో నేర్పరి. ముందు విమానమును అదుపులో నుంచుకొనుము, పిదప దారి చూచుకొనుము, ఆ పిదప మాటలాడుము అని వైమానికులు చిరకాలముగా బోధించు క్రమము ఇచ్చటను అక్షరాల వర్తించును.

చక్రములు నేలను తాకుటతో మళ్లింపు ముగియదు. మంచి వర్చువల్ ఎయిర్‌లైనునకు అక్కడనే పని మొదలగును. కొన్ని సంస్థలలో, విమానము ప్రణాళికలో లేనిచోట దిగినదని సాఫ్ట్‌వేరు గుర్తింపగా, ఆ విమానమును పైలటును పట్టికలో శంషాబాదుననే నిలుపుదురు. గన్నవరమునుండి తదుపరి సర్వీసు నడుపదలచిన మఱియొక సభ్యునకు అచ్చట విమానముండదు. ఎవరో ఒకరు దానిని ఖాళీగా తీసికొనిపోవలెను. ఈ చిక్కునంతను ఒక్క మీటతో మాయము చేయుట నిర్వాహకులకు కష్టము కాదు. కాని ఆ సౌలభ్యమును వదలుకొనుటయందే సంస్థ గౌరవము కలదని నా అభిప్రాయము. ప్రాణనష్టము లేని లోకమున ఒక నిర్ణయమునకు బరువు నిచ్చునది, దాని పర్యవసానమును మఱియొకడు మోయవలసి వచ్చుటయే గదా!

ఇందుకు విరుద్ధముగా, గమ్యమును చేరని ప్రయాణమునకు మార్కులు తగ్గించు సంస్థలును, నివేదికనే త్రోసిపుచ్చు సంస్థలును లేకపోలేదు. నియమము లేనిచో అందఱును తోచినచోట దిగుదురని వారి వాదము. ఆ భయము కొంతవఱకు సమంజసమే. అలసిపోయి దగ్గఱలో దిగినవానికిని, అంకె చూచి మళ్లినవానికిని భేదము పాటింపవలసినదే. కాని ఆ భేదమును తెలిసికొనుటకు కావలసిన ఆధారమంతయు నివేదికలోనే యుండగా, ఇరువురను ఒకే దండమున దండించుట న్యాయము కాదు. మార్కుల భయమున మంచులోనికి దూసికొనిపోవు అలవాటును నేర్పుటకై ఇంత శ్రమపడి ఒక సంస్థను నెలకొల్పనేల? క్రొత్తగా చేరదలచినవారు ఏ సంస్థ మంచిదని నన్ను అడిగినచో, దాని విమానముల సంఖ్యను గాని, అంతస్తుల బిరుదములను గాని చూడవలదనియే చెప్పుదును. మళ్లివచ్చిన పైలటును అచ్చటి పెద్దలు మొదట ఏమని పలుకరింతురో విచారింపుడు. ‘ఏల చేరలేదు’ అనువారి చెంతకంటె, ‘ఎంత ఇంధనముతో దిగినారు’ అనువారి చెంత చేరుట మేలు.