స్విచ్చి ఆపాక అరనిమిషం

టైమర్ రిలే అంటే నిర్ణీత వ్యవధి గడిచాక తనంతట తానే కలిసే లేదా విడిపోయే విద్యుత్ స్విచ్చి. వాహనంలో దీనికి చాలా చోట్ల పని ఉంది. తలుపు మూశాక లోపలి దీపం కొద్ది సెకన్లు వెలిగి ఆరడం, డీజిల్ ఇంజన్‌లో హీటర్ ప్లగ్గులు కాసేపు వేడెక్కి ఆగడం, జల్లు పలచగా ఉన్నప్పుడు వైపర్ ఆగి ఆగి తుడవడం ఈ కోవలోనివే. ఇక్కడ వివరించేది హెడ్‌లైటు టైమర్. రాత్రి ఇంటికి చేరి లైటు స్విచ్చి ఆపాక మరో అరనిమిషం డిమ్ లైట్లు వెలగాలి. గేటు వేసి గడప ఎక్కేదాకా దారి చూపి, వాటంతటవే ఆరిపోవాలి. కొత్త కార్లలో చాలావాటికి ఈ సదుపాయం కంపెనీ నుంచే వస్తోంది. పాత కార్లకూ జీపులకూ చేత్తో కట్టుకోవచ్చు. ఇందులో సమయం లెక్క కాగితం మీద ఒక్క వరుస. ఆ లెక్క కారు కరెంటులోని ఒడుదొడుకులకు చెదరకుండా చూడడమే అసలు పని.

ముందు రిలే సంగతి. అమెరికా శాస్త్రవేత్త జోసెఫ్ హెన్రీ 1835 ప్రాంతంలోనే విద్యుదయస్కాంతంతో దూరాన ఉన్న మరో వలయాన్ని నడిపి చూపాడు. తర్వాత టెలిగ్రాఫ్ తీగల్లో నీరసించిన సంకేతాన్ని మళ్లీ బలంగా ముందుకు పంపడానికి ఈ పరికరం వాడుకలోకి వచ్చింది. అలసిన గుర్రాన్ని వదిలి మజిలీలో కొత్త గుర్రాన్ని అందుకునే పద్ధతిని ఫ్రెంచి, ఇంగ్లీషు భాషల్లో రిలే అనేవారు. ఆ పేరే దీనికీ స్థిరపడింది. కారులో రిలే చేసేదీ అదే. చిన్న కరెంటు కాయిల్‌లో పారి ఇనుప రేకును లాగుతుంది, రేకు కదిలి పెద్ద కరెంటు పాయింట్లను కలుపుతుంది. 12 వోల్టుల సాధారణ రిలే కాయిల్ నిరోధం సుమారు 80 ఓములు, అంటే అది తీసుకునేది 150 మిల్లీఆంపులు. దాని పాయింట్లు 30 ఆంపుల దాకా మోస్తాయి.

రిలే అడుగున ఉండే అంకెలు జర్మనీ ప్రమాణం డీఐఎన్ 72552 నుంచి వచ్చినవి. 30 అంటే బ్యాటరీ నుంచి నేరుగా వచ్చే కరెంటు. 87 నుంచి దీపానికి పోతుంది. 85, 86 కాయిల్ కొసలు. కాయిల్‌కు కరెంటు లేనప్పుడు 30తో కలిసి ఉండేది 87ఏ. విజయవాడ ఆటోనగర్‌లో వైరింగ్ పని చేసేవారికి ఈ అంకెలు కంఠతా వచ్చు. బొమ్మ గీయకుండానే పని సాగిపోయేది వీటి పుణ్యాననే.

ఇక ఆలస్యం ఎలా పుట్టించాలన్నది ప్రశ్న. పాత ఇండికేటర్ ఫ్లాషర్లు దీన్ని వేడితో సాధించాయి. రెండు లోహాలు అతికిన రేకు కరెంటుకు వేడెక్కి వంగుతుంది, చల్లారి మళ్లీ నిటారవుతుంది. కెపాసిటర్ వచ్చాక ఆ పని నిశ్శబ్దమైంది. డెట్రాయిట్‌లో ఇంజనీరింగ్ ఆచార్యుడిగా ఉన్న రాబర్ట్ కెర్న్స్ ఆగి ఆగి తుడిచే వైపర్ కోసం 1964లో పేటెంటుకు దరఖాస్తు చేశాడు, 1967లో అది మంజూరైంది. నిరోధం గుండా కెపాసిటర్ మెల్లగా నిండడం, ఒక స్థాయికి రాగానే ట్రాన్సిస్టర్ మేలుకోవడం, వైపర్ ఒకసారి తుడవడం – ఆయన పొందికలో కీలకం ఇదే. ఆ పేటెంట్ల మీద కార్ల కంపెనీలతో ఆయన ఏళ్ల తరబడి కోర్టుల్లో పోరాడాడు. బజారులో దొరికే విడిభాగాలనే వాడినా వాటిని కూర్చిన తీరు కొత్తదైతే అది ఆవిష్కరణే అవుతుందన్నది ఆయన వాదన. సర్క్యూట్ కట్టిన అనుభవం కాస్తయినా ఉన్నవారికి ఆ వాదనలోని న్యాయం ఇట్టే తెలుస్తుంది.

నిరోధాన్నీ కెపాసిటర్ విలువనూ గుణిస్తే వచ్చేది కాలస్థిరాంకం. పది లక్షల ఓములు, ఒక మైక్రోఫారడ్ అయితే ఒక సెకను. ఆ వ్యవధిలో కెపాసిటర్ సరఫరా వోల్టేజిలో 63 శాతానికి నిండుతుంది. ఇంతే సూత్రం. దీన్ని నేర్చుకున్నవారికి మొదట తట్టే ఉపాయం రిలే కాయిల్‌కే పెద్ద కెపాసిటర్ తగిలించడం. కానీ 80 ఓముల కాయిల్ దాన్ని గబగబా ఖాళీ చేస్తుంది. 4700 మైక్రోఫారడ్ల డబ్బా పెట్టినా, 12 వోల్టుల నుంచి 3 వోల్టులకు దిగి రిలే వదిలేయడానికి పట్టేది అర సెకను. అరనిమిషం కావాలంటే దాదాపు 2,70,000 మైక్రోఫారడ్లు పెట్టాలి. పైగా వోల్టేజి నెమ్మదిగా జారుతున్నప్పుడు రిలే పాయింట్లు తటాలున విడిపోవు. నీరసంగా విడివడుతూ నిప్పురవ్వలు రాల్చి కాలిపోతాయి.

రెండో మెట్టు మాస్‌ఫెట్ అనే ట్రాన్సిస్టర్. దాని గేటు దాదాపు కరెంటే తీసుకోదు కనుక చిన్న కెపాసిటర్ చాలు. 100 మైక్రోఫారడ్లకు 470 కిలో ఓములు జోడిస్తే కాలస్థిరాంకం 47 సెకన్లు. చిక్కు మరోచోట ఉంది. చౌకగా దొరికే ఐఆర్‌ఎఫ్‌జెడ్44ఎన్ ఎన్ని వోల్టుల దగ్గర మూసుకుంటుందో కచ్చితం లేదు; 2 నుంచి 4 వోల్టుల మధ్య ఎక్కడైనా కావచ్చని తయారీదారులే రాస్తారు. 12 వోల్టుల నుంచి 4కు దిగడానికి 52 సెకన్లు పడితే, 2కు దిగడానికి 84 పడుతుంది. అంటే ఒకే బొమ్మ చూసి ఇద్దరు కట్టిన టైమర్లు రెండు రకాలుగా నడవొచ్చు. బ్యాటరీ వోల్టేజి మారితే ఆ లెక్క మళ్లీ మారుతుంది. నిండుగా ఉన్న బ్యాటరీ ఇంజన్ ఆగినప్పుడు 12.6 వోల్టులు చూపుతుంది, ఇంజన్ నడుస్తూ చార్జి అవుతుంటే 14.4 దాకా పోతుంది, సెల్ఫ్ తిప్పినప్పుడు 10కి అటూ ఇటూ పడిపోతుంది. లోపలి దీపం ఆరడానికి ఈ తేడా పట్టించుకోనక్కరలేదు. చెప్పిన సమయానికి ఆగాల్సిన పనికి మాత్రం ఇది చాలదు.

ఈ చిక్కును అందంగా విప్పింది 555 ఐసీ. స్విట్జర్లాండులో పుట్టి అమెరికాలో స్థిరపడిన హాన్స్ కామెంజిండ్ 1971లో సిగ్నెటిక్స్ కంపెనీ కోసం దీన్ని రూపొందించాడు. మరుసటి ఏడు మార్కెట్‌కు వచ్చింది. లోపల 5 కిలో ఓముల నిరోధాలు మూడు వరుసగా ఉండి సరఫరా వోల్టేజిని మూడు సమభాగాలు చేస్తాయి. (ఆ మూడు ఐదుల వల్లే 555 అన్న పేరు వచ్చిందని చాలామంది నమ్మకం. కామెంజిండ్ దాన్ని కొట్టిపారేశాడు.) కెపాసిటర్ సున్నా నుంచి నిండుతూ సరఫరాలో మూడింట రెండు వంతులకు రాగానే గడువు ముగుస్తుంది. సరఫరా 10 వోల్టులైతే గీత 6.7 దగ్గర, 14 అయితే 9.3 దగ్గర. కెపాసిటర్ నిండే వేగమూ అదే నిష్పత్తిలో పెరుగుతుంది కనుక పట్టే సమయం మారదు. బ్యాటరీ ఊగినా లెక్క ఊగదు. వాహనానికి ఇంతకన్నా తగిన గుణం మరొకటి లేదు. సమయం లెక్క కట్టాలంటే నిరోధాన్ని కెపాసిటర్ విలువతో, తర్వాత 1.1తో గుణించాలి. 270 కిలో ఓములు, 100 మైక్రోఫారడ్లు అయితే 29.7 సెకన్లు.

ఈ టైమర్‌కు బ్యాటరీ కరెంటు ఎప్పుడూ అందుతూనే ఉండాలి. మామూలు 555 ఏ పనీ చేయకుండా కూర్చున్నా సుమారు 8 మిల్లీఆంపులు తాగుతుంది. నెలరోజులు కారు తీయకపోతే దాదాపు 6 ఆంపియర్ అవర్లు పోయినట్టే. చిన్న కారుకుండే 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీకి అది తక్కువేం కాదు. అందుకే సీమాస్ రకమైన 7555 తీసుకోవాలి. కాళ్ల వరుస అదే, విశ్రాంతిలో తాగేది మిల్లీఆంపులో పదో వంతు. అయితే 7555కు రిలేను నేరుగా లాగే సత్తువ లేదు. మధ్యలో బీసీ337 ట్రాన్సిస్టర్, దాని బేసుకు 2.2 కిలో ఓముల నిరోధం పెట్టాలి. బీసీ547తో సరిపెట్టుకోకూడదు. దాని హద్దు 100 మిల్లీఆంపులు, రిలే అడిగేది 150.

మొదలెట్టమనే సంకేతం ఎక్కడి నుంచి తీసుకోవాలన్నది ఈ మొత్తంలో ఎక్కువ ఆలోచించాల్సిన విషయం. ఇగ్నిషన్ తీగ నుంచి తీసుకుంటే పట్టపగలు తాళం తీసినా లైట్లు వెలుగుతాయి. హెడ్‌లైటు తీగ నుంచే తీసుకుంటే ఇంకా చిక్కు. స్విచ్చి ఆపగానే ఆ తీగలో కరెంటు పోతుంది, టైమర్ మొదలై అదే తీగకు మళ్లీ కరెంటు ఇస్తుంది, గడువు తీరి ఆపగానే కరెంటు పోయిందని మళ్లీ మొదలవుతుంది. తెల్లారేదాకా ఇదే తిరగలి. సరైన చోటు పార్కింగ్ లైటు తీగ. రాత్రి మాత్రమే అందులో కరెంటు ఉంటుంది, స్విచ్చి ఆపగానే పోతుంది, హెడ్‌లైటు రిలేతో దానికి సంబంధం లేదు. ఆ బల్బు తంతువు తీగలో మిగిలిన వోల్టేజిని వెంటనే ఎర్తుకు దించేస్తుంది కూడా. పార్కింగ్ లైట్లు ఎల్‌ఈడీలైతే ఒక కిలో ఓము నిరోధాన్ని ఆ తీగ నుంచి ఎర్తుకు కలపాలి.

పార్కింగ్ తీగ నుంచి 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ ద్వారా ఐసీ రెండో కాలికి పోవాలి. ఆ కాలిని 10 కిలో ఓములతో సరఫరాకు కట్టి ఉంచాలి. లైటు ఆపగానే కాలి దగ్గర వోల్టేజి ఒక్క క్షణం కిందికి పడి లేస్తుంది, ఆ కుదుపుతో టైమర్ మొదలవుతుంది. లైటు వేసినప్పుడు మాత్రం అదే కెపాసిటర్ కాలిని సరఫరా కంటే పైకి, 24 వోల్టుల దాకా నెడుతుంది. ఐసీ తట్టుకునేది 18. ఆ 10 కిలో ఓములకు అడ్డంగా చిన్న డయోడ్ ఒకటి, గీత ఉన్న కొస సరఫరా వైపు ఉండేలా పెడితే ఆ గండం తప్పుతుంది. ఆరు, ఏడు కాళ్లను కలిపి సమయం నిర్ణయించే నిరోధం, కెపాసిటర్ల కూడలికి కట్టాలి. నాలుగో కాలు సరఫరాకు. ఐదో కాలికి 0.01 మైక్రోఫారడ్ పెట్టి ఎర్తు చేయకపోతే హారన్ కొట్టినప్పుడల్లా గడువు తారుమారయ్యే ప్రమాదం ఉంది.

ఇక కాపుదల. రిలే కాయిల్‌లో కరెంటు ఆగిన క్షణాన అందులోని అయస్కాంత క్షేత్రం కూలి ఎదురు వోల్టేజి పుడుతుంది. అది వందల వోల్టులకు పోగలదు. బీసీ337 తట్టుకునేది 45. కాయిల్‌కు అడ్డంగా 1ఎన్4007 డయోడ్, గీత ఉన్న కొస ప్లస్ వైపు ఉండేలా పెడితే ఆ శక్తి కాయిల్‌లోనే తిరిగి చల్లారుతుంది. ఈ ఒక్క డయోడ్ మరచిన టైమర్ మొదటి రోజు బాగానే నడుస్తుంది, కొన్నాళ్లకు కారణం తెలియకుండా చచ్చిపోతుంది. ఐసీ సరఫరాకు వేరే కాపలా కావాలి. వరుసగా ఒక 1ఎన్4007, 100 ఓముల నిరోధం పెట్టి, తర్వాత 15 వోల్టుల జెనర్ డయోడ్‌నూ 100 మైక్రోఫారడ్ల కెపాసిటర్‌నూ ఎర్తుకు కలపాలి. బ్యాటరీ తీగలు తారుమారైతే డయోడ్ అడ్డుకుంటుంది, వోల్టేజి ఎగిసిపడితే జెనర్ కత్తిరిస్తుంది.

సమయం నిర్ణయించే కెపాసిటర్ విషయంలో మరో జాగ్రత్త. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లలో కరెంటు కొద్దిగా కారుతూనే ఉంటుంది. గడువు పెంచాలని 2.2 మెగా ఓములు పెడితే చివరి దశలో కెపాసిటర్‌లోకి వచ్చే కరెంటు 2 మైక్రోఆంపులకన్నా తక్కువ. కారేది కూడా అంతే అయితే అది ఎప్పటికీ నిండదు, లైట్లు ఆరవు. రెండు 55 వాట్ల దీపాలు 9 ఆంపులకు పైగా తీసుకుంటాయి. 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీ నాలుగు గంటల్లోపే అడుగంటుతుంది. నిరోధాన్ని కొన్ని వందల కిలో ఓములకే పరిమితం చేసి, ఎక్కువ సమయం కావాలంటే మంచి, పెద్ద కెపాసిటర్‌ను తేవాలి. రెంటచింతల ఎండలో నిలిపిన కారు డ్యాష్‌బోర్డు లోపల వేడి ఎంత ఉంటుందో చెప్పనక్కరలేదు కనుక 105 డిగ్రీలని రాసి ఉన్న, 25 వోల్టుల రకాన్నే కొనాలి. హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీలో ఈ విడిభాగాలన్నీ దొరుకుతాయి.

జీరో పీసీబీ మీద సోల్డరింగ్ చేశాక కెపాసిటర్‌ను బోర్డుకు జిగురుతో అంటించాలి. గతుకుల రోడ్ల కుదుపుకు ముందు తెగేది దాని కాళ్లే. తీగలను మెలిపెట్టి టేపు చుట్టడం ఎంత వాడుకలో ఉన్నా మంచి పద్ధతి కాదు. ఎండకు టేపు జిగురు కరిగి ఊడుతుంది. లగ్గు నొక్కి, వేడికి ముడుచుకునే స్లీవు తొడగాలి. రిలే 30కి వచ్చే తీగ 2.5 చదరపు మిల్లీమీటర్లది, దానికి 15 ఆంపుల ఫ్యూజు. ఆ ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోనే ఉండాలి. బ్యాటరీకీ ఫ్యూజుకూ మధ్య తీగ ఒరుసుకుని బాడీకి తగిలితే ఆపేది ఏదీ లేదు. కార్లు తగలబడేది ఇలాంటి చోటే. పసుపు గొట్టంలో, పసుపు కనెక్టర్లతో కనిపించే తీగలు ఎయిర్‌బ్యాగువి, వాటి జోలికి అసలు పోకూడదు. కొన్ని కార్లలో హెడ్‌లైటు స్విచ్చి ప్లస్ వైపు కాక ఎర్తు వైపు ఉంటుంది. తీగ కోసేముందే మీటరుతో అది చూసుకుని, అలాంటి కారైతే 30, 87లను ఎర్తు వైపు కలపాలి. కంప్యూటరే దీపాలను నడిపే కొత్త కార్లకు ఈ పద్ధతి పనికిరాదు.

కారులో బిగించేముందు బల్ల మీద పరీక్షించాలి. బ్యాటరీకీ సర్క్యూట్‌కూ మధ్య ఒక 12 వోల్టుల బల్బును వరుసగా కలిపితే, ఎక్కడైనా షార్టు ఉన్నప్పుడు బల్బు నిండుగా వెలిగి చెబుతుంది, ఏదీ కాలదు. ఆ తర్వాత పది సార్లు గడువు కొలవాలి. సాధారణ కెపాసిటర్ విలువ 20 శాతం అటూ ఇటూ ఉంటుంది కనుక ముప్ఫై బదులు ఇరవై అయిదో ముప్ఫై అయిదో వచ్చినా తప్పులేదు. పదిసార్లూ ఒకటే రావాలి. చివరగా టైమర్ విశ్రాంతిలో ఉండగా సరఫరా తీగలో మీటరు పెట్టి కరెంటు చూడాలి. అది మిల్లీఆంపులో అయిదో వంతు దాటకపోతే టైమర్‌ను డ్యాష్‌బోర్డు కింద బిగించవచ్చు.