చెవి ఒప్పుకుంటేనే లోతు

స్కూబా నేర్చుకోవడానికి వచ్చేవాళ్ల భయమంతా ఊపిరి గురించే. వీపున సిలిండరు, నోట్లో రెగ్యులేటరు ఉన్నాక ఆ భయం కాసేపట్లో తీరిపోతుంది. అసలు పేచీ చెవితో. రుషికొండ దగ్గర దిగినా, అండమాన్‌లో దిగినా నిలువెత్తు లోతుకి వెళ్లేసరికి చెవులు దిబ్బడ వేస్తాయి. పట్టించుకోకుండా ఇంకాస్త దిగితే పోటు మొదలవుతుంది.

నీళ్లలో ప్రతి 10 మీటర్లకీ ఒక వాతావరణ పీడనం అదనంగా పడుతుంది. కర్ణభేరి వెనక, మధ్య చెవిలో ఉన్న కాస్త గాలి 10 మీటర్ల దగ్గర సగానికి కుంచించుకుపోతుంది, కర్ణభేరి లోపలికి వంగుతుంది. 10 నుంచి 20 మీటర్లకి దిగితే ఆ సగం మూడో వంతు అవుతుంది, అంతే. అందుకే చెవికి గడ్డుకాలం పైపై నీళ్లలోనే. లోపలికి గాలి పంపే దారి ఒక్కటే, గొంతు పైభాగం నుంచి వెళ్లే యూస్టేకియన్ నాళం. అది మామూలుగా మూసుకునే ఉంటుంది.

దాన్ని తెరిచే పద్ధతుల్లో ఎక్కువమందికి తెలిసింది వల్సాల్వా: ముక్కూ నోరూ మూసుకుని మెల్లగా ఊదడం. ఇటలీ వైద్యుడు ఆంటోనియో వల్సాల్వా 1704లో దీన్ని రాసింది ఈతగాళ్ల కోసం కాదు, మధ్య చెవిలోని చీము వెళ్లగొట్టడానికి! మెల్లగా అన్న మాట మరిచి బలంగా ఊదితే లోపలి చెవి పొర చిరిగి, వినికిడి పోయే ప్రమాదం ఉంది. ముక్కు మూసుకుని గుటక వేయడం టాయిన్‌బీ పద్ధతి. ఆ లండన్ చెవి వైద్యుడు చెవిలో హోరుకి మందు వెతుకుతూ, తనమీదే క్లోరోఫారం ప్రయోగించుకుని 1866లో చనిపోయాడు.

నా ఓటు మాత్రం ఫ్రెంజెల్ పద్ధతికే. రెండో ప్రపంచ యుద్ధంలో నిట్టనిలువుగా దూకే బాంబర్ల పైలట్లకి జర్మన్ వైద్యుడు హెర్మన్ ఫ్రెంజెల్ నేర్పినది. ముక్కు మూసి, బరువెత్తబోతున్నట్టు గొంతు బిగించి, నాలుక వెనక భాగంతో ‘క్’ అనబోవాలి. క, గ లు కంఠ్యాలని బడిలో ఎందుకు వల్లె వేయించారో అప్పుడు తెలుస్తుంది. అద్దం ముందు సాధన చేయండి: ముక్కు పక్కలు ఉబ్బాలి, గొంతుముడి పైకి లేవాలి, పొట్ట కదలకూడదు. ఛాతీ బలంతో పనిలేదు కాబట్టి చెవిమీద దెబ్బ పడే అవకాశం తక్కువ.

ఏ పద్ధతైనా వేళ ముఖ్యం. నీటిపైన ఉండగానే ఒకసారి, ఆ తర్వాత ప్రతి అర మీటరుకీ, నొప్పి రాకముందే చేయాలి. తాడు పట్టుకుని, కాళ్లు కిందికి పెట్టి దిగితే సులువు. ఆలస్యమైతే పీడనం తేడాకి నాళం మూతి అతుక్కుపోతుంది. అప్పుడు ఎంత ఊదినా తెరుచుకోదు. అరచేతిని అటూ ఇటూ ఊపి, చెవిని చూపించి గైడ్‌కి సంగతి చెప్పి, ఒక మీటరు పైకి వచ్చి మళ్లీ ప్రయత్నించాలి. అప్పటికీ నాళం తెరుచుకోకపోతే ఆ రోజుకి డైవ్ లేదు. పైకి రావడానికి నామోషీ పడేవాళ్లే చెవులు పాడుచేసుకుంటారు.

జలుబు ఉంటే ఆ నాళం వాచి ఉంటుంది. ముక్కులో చుక్కలు వేసుకుని దిగితే నీళ్లలో ఉండగా మందు పనిచేయడం ఆగిపోవచ్చు, తిరిగి వచ్చేటప్పుడు గాలి బయటికి రాక చిక్కుకోవచ్చు. డైవ్ తర్వాత తల తిరిగినా, వినికిడి తగ్గినా వెంటనే ఈఎన్‌టీ డాక్టరుకి చూపించండి. డబ్బు కట్టేశాం కదా అని పడిశంతో మాత్రం దిగకండి.